సిగరెట్ మానడానికి మొదటి వేప్ కొనాలనుకుంటున్నారా? ముందు ఇది చదవండి

"అన్నా, సిగరెట్ వదిలేసి వేప్‌కి మారదామనుకుంటున్నా. మొదటిసారికి ఏది మంచిది?" గాజువాకలో మా షిఫ్టు కుర్రాళ్లు నన్ను తరచూ ఇదే అడుగుతున్నారు. పదహారేళ్లు తాగి మానినవాణ్ణి కాబట్టి మానాలనే ఆ కోరికకు దండం పెడతాను. కానీ ఇక్కడ ఏదీ కొనొద్దనే చెప్తాను.

వేప్ అంటే నికోటిన్ ద్రవాన్ని వేడిచేసి ఆవిరిగా పీల్చే ఈ-సిగరెట్. 2019 చట్టం ప్రకారం మన దేశంలో వీటి తయారీ, దిగుమతి, అమ్మకం, నిల్వ అన్నీ నేరం. అమ్మినవాడికి మొదటిసారే ఏడాది వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు. షిప్పులో పనిచేసే స్నేహితుడితో తెప్పించుకున్నా అది దిగుమతే. అతణ్ణి ఇరికించకండి.

బ్రిటన్‌లో సిగరెట్ మానేవాళ్లకు వేప్ సూచిస్తారన్న మాట నిజమే. అక్కడ మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాముల నికోటిన్ మించకూడదనే నియమం ఉంది. ఇక్కడ చాటుగా అమ్మే సరుకులో ఏముందో చూసే నాథుడు లేడు. పైగా చాలామంది ఆఫీసులో వేప్, బయట సిగరెట్, రెండూ కానిస్తుంటారు. ఇంట్లో చిన్నపిల్లలు వేప్‌లోని ద్రవం మింగితే ప్రాణం మీదికి వస్తుంది.

భీమిలి వైపు మా అమ్మమ్మ చుట్ట నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగేది. గాలికి ఆరిపోదు, బయటికి పొగ రాదు, అందుకే ఏమీ కాదనుకునేవారు. అంగిలి క్యాన్సర్‌కు అదే దారి అని ఆమెకు ఎవరూ చెప్పలేదు. వేప్ పొగకు వాసన లేదు కదా అని ఎవరైనా అంటే నాకు ఆమే గుర్తొస్తుంది.

వేప్‌కు బదులు, సిగరెట్ తపనను తగ్గించే నికోటిన్ గమ్ మెడికల్ షాపులో దొరుకుతుంది. గుండె జబ్బున్నవాళ్లు, గర్భిణులు డాక్టర్‌ని అడిగాకే వాడాలి. నిద్ర లేచిన అరగంటలోపే మొదటి సిగరెట్ వెలిగించేవాళ్లకు సాధారణంగా 4 మిల్లీగ్రాములది, మిగతావాళ్లకు 2 మిల్లీగ్రాములది సరిపోతుంది. 4 మిల్లీగ్రాములదానికి డాక్టర్ చీటీ కావాలి.

చాలామంది తప్పు చేసేది నమలడంలోనే. మామూలు బబుల్‌గమ్‌లా గబగబా నమిలితే నికోటిన్ కడుపులోకి పోయి వికారం, ఎక్కిళ్లు వస్తాయి. "పనిచెయ్యలేదు" అని పారేస్తారు. మెల్లగా నమలండి. నాలుక చురుక్కుమనగానే ఆపి బుగ్గకూ చిగురుకూ మధ్య పెట్టుకోండి. ఆ చురుకు తగ్గాక మళ్లీ నమలండి. ఒక్కోటి అరగంట వస్తుంది. నమలడానికి 15 నిమిషాల ముందు నుంచి టీ, కాఫీ వద్దు, అవి నోట్లోకి నికోటిన్ ఎక్కనివ్వవు.

టీ దగ్గరే అసలు చిక్కు. బడ్డీ దగ్గర టీ, పక్కన సిగరెట్, చేతికి అలవాటు. మొదటి వారం టీ ఇంట్లోనే తాగండి. రెండు మూడు రోజులు బాగా చిరాకు, టెన్షన్, నిద్రలేమి ఉంటాయి, కాబట్టి నైట్ షిఫ్టుల వారంలో మొదలుపెట్టకండి. ఇంట్లోవాళ్లకు ముందే చెప్పండి, లేకపోతే ఆ విసుగంతా వాళ్ల మీదే పడుతుంది. దమ్ము కొట్టాలనే తపన కొద్ది నిమిషాలే ఉంటుంది. నీళ్లు తాగండి, ఆర్కే బీచ్ దగ్గర్లో ఉంటే నాలుగడుగులు నడవండి. మాట సాయం కావాలంటే 1800-11-2356కి ఫోన్ చేయండి, డబ్బు పడదు.

పొరపాటున ఒకటి తాగేశారా? పెట్టె మాత్రం కొనకండి. జేబులో సిగరెట్ పెట్టె ఉండే చోటే గమ్ షీటు పెట్టుకుని, ఆ పూటే మళ్లీ మొదలుపెట్టండి.