నెలలు నిండని బిడ్డ ఒళ్లు చల్లబడితే

నుదురు తాకి చూస్తే సరిపోదు. మీ చేతి వెనకవైపు ముందు బిడ్డ పొట్టకి, తర్వాత పాదాలకి ఆనించండి. రెండూ వెచ్చగా ఉంటే ఫరవాలేదు. పొట్ట వెచ్చగా, పాదాలు చల్లగా ఉంటే చలికి తట్టుకోలేకపోతోందని అర్థం. రెండూ చల్లబడితే అది ఆసుపత్రి కేసే.

థర్మామీటరు మొన చంక మధ్యలో పెట్టి, బిడ్డ చేతిని ఒంటికి ఆనించి పట్టుకోండి. 36.5 నుంచి 37.5 డిగ్రీల సెల్సియస్ (97.7–99.5 ఫారన్‌హీట్) మామూలు. 36.0–36.4 ఉంటే వెంటనే వెచ్చబెట్టాలి. 36 కన్నా తగ్గితే వెచ్చబెడుతూనే ఆసుపత్రికి బయల్దేరాలి. 32 లోపు ప్రాణాపాయం.

చాలామంది బిడ్డని రెండు దుప్పట్లలో చుట్టేసి ఊరుకుంటారు. దుప్పటి వేడి పుట్టించదు, ఉన్న వేడిని పోనివ్వదు, అంతే. చల్లబడిన బిడ్డ దగ్గర దాచుకోవడానికి వేడే ఉండదు. అందుకే తల్లి ఒంటి వేడి కావాలి. బిడ్డకి టోపీ, సాక్సులు, పొడి న్యాపీ మాత్రమే ఉంచి, తల్లి రొమ్ముల మధ్య నిలువుగా, ఛాతీకి ఛాతీ ఆనేలా పడుకోబెట్టండి. తల ఒక పక్కకి తిప్పి, గడ్డం కాస్త పైకి ఉండాలి. గడ్డం ఛాతీకి నొక్కుకుపోతే ఊపిరి ఆడదు. కాళ్లు కప్పలా మడిచి, మెత్తని గుడ్డతో ఇద్దరినీ కలిపి కట్టి, పైన దుప్పటి కప్పండి. ఒక్కసారికి కనీసం గంట. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించేది రోజుకి 8 నుంచి 24 గంటలు. తల్లి అలిసిపోతే తండ్రో, అమ్మమ్మో అందుకోవచ్చు. రెండేసి గంటలకి పాలు పట్టడం మానకండి.

వేడినీళ్ల సీసా, కుంపటి వద్దు. ఆ పల్చని చర్మం ఇట్టే కాలుతుంది.

అసలు ఎందుకు చల్లబడుతుంది? చర్మం కింద కొవ్వు చాలా తక్కువ. వేడి పుట్టించే బ్రౌన్ ఫ్యాట్ చివరి నెలల్లో పేరుకోవాల్సింది, చాలినంత పేరుకోలేదు. బరువుతో పోలిస్తే చర్మం విస్తీర్ణం ఎక్కువ. దానికి తోడు తడి ఒళ్లు, తడి టోపీ, ఫ్యాను గాలి, చల్లని త్రాసు పళ్లెం, చల్లటి గోడ పక్కన మంచం. పుట్టిన మొదటి 24 గంటల్లో స్నానం పోయకూడదు. తర్వాత కూడా ఈ బిడ్డలకి ఎప్పుడు మొదలుపెట్టాలో డాక్టరునే అడగండి. పెద్దవాళ్లు తొందరపెట్టేది సరిగ్గా ఇక్కడే.

గది వెచ్చగా, ఒళ్లు పొడిగా ఉన్నా మళ్లీ మళ్లీ చల్లబడుతుంటే కారణం లోపల ఉంది. ఇన్ఫెక్షన్ వస్తే ఈ బిడ్డలకి తరచూ జ్వరం రాదు, ఒళ్లే చల్లబడుతుంది. రక్తంలో చక్కెర పడిపోయినా, ఆక్సిజన్ చాలకపోయినా అంతే.

గంట తర్వాత మళ్లీ చూడండి. వేడి పెరగకపోయినా, పాలు తాగకపోయినా, మూలుగుతున్నా, నిమిషానికి 60 కన్నా ఎక్కువసార్లు ఊపిరి తీస్తున్నా 108కి ఫోన్ చేయండి. దారిలో కూడా బిడ్డని ఛాతీ మీంచి దించకండి.