గిటార్ నేర్చుకుందాం – 7వ పాఠం: పాట ఎంచుకోవడం, చేతికి తెచ్చుకోవడం

కిందటి పాఠంతో జి, సి, డి, ఇ మైనర్, ఎ మైనర్ కార్డులు (కలిపి మోగించే స్వరాల గుంపులు), నాలుగు లెక్కల స్ట్రమ్మింగ్ (తీగలన్నిటినీ తాళానికి తగ్గట్టు మీటడం) పూర్తయ్యాయి. ఇక అందరూ అడుగుతున్నది ఒకటే, "పాట ఎప్పుడండీ?" అని. ఈ పాఠం మొత్తం దానికే కేటాయిస్తున్నాను. నేను చూసినంతలో, గిటార్ మధ్యలో ఆపేసినవాళ్లలో వేళ్ల నొప్పికి ఆపినవాళ్లు తక్కువ. చేతికి అప్పుడే అందని పాట పట్టుకుని, నెలలు గడిచినా పల్లవి కూడా దాటక, తమకు సంగీతం రాదనుకుని మూల పెట్టేసినవాళ్లే ఎక్కువ. వాళ్లకు సంగీతం రాకపోవడమేమీ లేదు, పాట ముందు వెనకలైంది, అంతే. అందుకే పాట ఎంపికను నేను సాధనలో భాగంగానే చూస్తాను.

గుంటూరు అరండల్‌పేట నుంచి ఈ పాఠాలు అనుసరిస్తున్న ఒక అమ్మాయి పంపిన ప్రశ్నతో మొదలుపెడదాం. వాళ్ల నాన్నగారికి ఇష్టమైన పాత సినిమా పాట ఒకటి వాయించాలని ఆమె కోరిక. నెట్‌లో వెతికితే కార్డులు దొరికాయి: సి షార్ప్, ఎఫ్ షార్ప్, జి షార్ప్. మూడూ చూపుడు వేలిని అడ్డంగా ఆరు తీగల మీదా పరిచి పట్టాల్సిన బార్ కార్డులే. రెండు వారాలు తంటాలు పడి, "ఈ పాట నా వల్ల కాదేమో సార్" అని రాసింది.

అమ్మా, ఆ పాట నీ వల్ల అవుతుంది. ఆ మూడు కార్డుల్ని శృతి లెక్కలో చూడు. సి షార్ప్ షడ్జమం అనుకుంటే ఎఫ్ షార్ప్ మధ్యమం, జి షార్ప్ పంచమం. అంటే స, మ, ప మీద నిలబడ్డ పాట అది. ఆ సంబంధం చెడకుండా ఏ శృతిలోకి మార్చినా పాట పాటలాగే ఉంటుంది. నాలుగో ఫ్రెట్‌లో (మెడ మీది లోహపు గీతల మధ్య నాలుగో గడిలో) క్యాపో, అంటే తీగలన్నిటినీ ఒకేసారి నొక్కిపట్టే క్లిప్పు, బిగించి ఎ, డి, ఇ మేజర్ ఆకారాలు పట్టుకుంటే సరిగ్గా అవే మూడు కార్డులు మోగుతాయి. ఎ, ఇ మేజర్లు మనం ఇంకా నేర్చుకోలేదు కానీ ఒక్క సాయంత్రం చాలు, రెండింటికీ మూడేసి వేళ్లే. ఇక నాన్నగారు పాడకుండా నువ్వే పాడుకునేట్లయితే క్యాపో కూడా అక్కర్లేకపోవచ్చు. ఎందుకో చెబుతాను.

మన వైపు హార్మోనియం ముందు కూర్చున్నవాళ్లు "శృతి ఎంత?" అని అడిగితే "ఒకటిన్నర", "ఐదు" అని జవాబు వస్తుంది. ఆ అంకెల్ని గిటార్ భాషలోకి తెచ్చుకోండి. తెల్ల మెట్లు వరసగా ఒకటి సి, రెండు డి, మూడు ఇ, నాలుగు ఎఫ్, ఐదు జి, ఆరు ఎ, ఏడు బి. మధ్యలోని నల్ల మెట్లు అరలు: ఒకటిన్నర సి షార్ప్, రెండున్నర డి షార్ప్, నాలుగున్నర ఎఫ్ షార్ప్, ఐదున్నర జి షార్ప్, ఆరున్నర ఎ షార్ప్. ఇ, ఎఫ్‌ల మధ్య నల్ల మెట్టు లేదు కాబట్టి మూడున్నర అనేది ఉండదు. మగవాళ్లలో ఎక్కువమందికి ఒకటి నుంచి రెండు దాకా, ఆడవాళ్లకు ఐదు, ఐదున్నర ప్రాంతంలో గొంతు సుఖంగా పలుకుతుంది. ఐదు అంటే జి, మీకు వచ్చిన కార్డుల సొంత ఇల్లు. ఐదున్నర అయితే మొదటి ఫ్రెట్‌లో క్యాపో పెట్టి అవే జి, సి, డి ఆకారాలు. ఆరు శృతికి రెండో ఫ్రెట్. రెండు శృతిలో పాడే అబ్బాయిలు రెండో ఫ్రెట్‌లో క్యాపో పెట్టి సి కుటుంబం వాయించవచ్చు, కానీ అందులో మధ్యమం ఎఫ్ కార్డు. అది వచ్చే పాఠంలో ఉంది, అందాకా ఆగండి.

మీ శృతి మీకే తెలియకపోతే, నచ్చిన పాట పల్లవిని గిటార్ లేకుండా, ఎవరికీ వినిపించాలన్న ఆలోచన లేకుండా కూనిరాగం తీయండి. పల్లవి ముగిసి గొంతు కుదురుగా ఆగే స్వరం చాలా పాటల్లో షడ్జమమే. ఆ స్వరాన్ని పట్టుకుని ఉండి, లావుపాటి ఆరో తీగ మీద వెతకండి. ఏ ఫ్రెట్ నొక్కకపోతే ఇ, మూడో ఫ్రెట్ జి, ఐదు ఎ, ఎనిమిది సి, తొమ్మిది సి షార్ప్, పది డి. గొంతూ తీగా కలిసినచోటే మీ శృతి. రికార్డులో గాయకుడు ఏ శృతిలో పాడాడన్నది మీకు చట్టం కాదు. ఆయన గొంతుకు కుదిరింది ఆయన పాడాడు, మీ గొంతుకు కుదిరేది మీరు పాడండి.

ఇక ఎలాంటి పాట? మొట్టమొదట పుట్టినరోజు పాటను పట్టమంటాను. చిన్నపిల్లల పాట అని కొట్టిపారేయకండి. మూడే కార్డులు, రాగం పరిధి సరిగ్గా ఒక స్థాయి (ఒక స్వరం నుంచి పైన మళ్లీ అదే స్వరం దాకా), పైగా అందరికీ నోటికి వచ్చు. అది మూడు లెక్కల పాట. జి శృతిలో మొదటి వాక్యం జితో మొదలై చివరి మాట మీద డికి వెళుతుంది, రెండో వాక్యం డితో నడిచి జికి తిరిగొస్తుంది, మూడో వాక్యంలో పేరు పలికే చోట సి, చివరి వాక్యం జి, డి మీదుగా జిలో కూర్చుంటుంది. అందులో అసలు పాఠం ఎత్తుగడలో ఉంది. మొదటి మాట తాళం కంటే ముందే పడుతుంది, కార్డు ఆ తర్వాతి మాట మీద పడాలి. నోరు ముందు, చెయ్యి వెనక. పాడుతూ వాయించడంలో తడబడేవాళ్లందరూ తడబడేది ఇక్కడే. ఈ చిన్న పాటలో అది కుదిరితే, తాళానికి ముందు ఎత్తుకునే ఏ సినిమా పాటైనా మీకు లొంగుతుంది.

దాని తర్వాత భజన పాటలు. దసరా రోజుల్లో, భవానీ దీక్షల కాలంలో బెజవాడలో ఏ వీధికి వెళ్లినా వినిపించేవే. ఒకరు ఒక చిన్న వరస అంటే తక్కినవాళ్లు దాన్నే తిరిగి అంటారు. చాలావాటికి రెండు కార్డులు సరిపోతాయి. నెమ్మదిగా మొదలై క్రమంగా వేగం పెరుగుతుంది కనుక మెట్రోనోమ్ (లెక్క తప్పకుండా టిక్ టిక్‌మనే పరికరం) చేయించే పనిని జనమే చేయిస్తారు. గిటార్ పట్టుకుని పది మంది మధ్య కూర్చోవడానికి ఇంతకంటే మంచి చోటు నాకు తెలియదు. 1948లో మొదలైన విజయవాడ ఆకాశవాణి కేంద్రం భక్తిరంజని కార్యక్రమంలో వినిపిస్తూ వచ్చిన పాటల్లోనూ ఇలాంటివి బోలెడు దొరుకుతాయి. వాద్యాల హడావిడి తక్కువ కాబట్టి కార్డు ఎక్కడ మారాలో చెవికి తెలుస్తుంది.

చిన్నప్పుడు కొంత కర్ణాటక సంగీతం నేర్చుకున్నవాళ్లకు ఒక మాట. సరళీ స్వరాలు మాయామాళవగౌళలో నేర్చుకుంటాం కాబట్టి, గిటార్ పట్టగానే ఆ రాగంలో పాటకే కార్డులు కట్టాలనిపిస్తుంది. అక్కడే ఇబ్బంది. పంచమం మీద మేజర్ కార్డు అంటే ప, ని, రి కలిసి మోగాలి, ఆ రి చతుశ్రుతి రిషభం. మాయామాళవగౌళలో ఉన్నది శుద్ధ రిషభం. అంటే మీరు ఎక్కువగా వాడే కార్డు రాగంతో తగాదా పడుతుంది. అలాంటి పాటను ఇప్పుడు ఒక్కో స్వరం మీటుతూ వాయించండి, కార్డులు వద్దు. అదే శంకరాభరణంలో ఉన్న పాటయితే జి, సి, డి, ఇ మైనర్, ఎ మైనర్ అన్నీ ఆ రాగ స్వరాలతోనే తయారవుతాయి. మోహనం ఇంకా సుఖం. స, గ, ప కలిస్తే జి మేజర్, ద, స, గ కలిస్తే ఇ మైనర్. ఆ రెండింటితోనే పల్లవి సగం నడిచిపోతుంది. సి, డి కార్డుల్లో మోహనంలో లేని మ, ని వస్తాయి కాబట్టి వాటిని వాక్యం మలుపుల్లో మాత్రం, చెవి ఒప్పుకుంటేనే వేయండి. గమకాలు దట్టంగా ఉన్న పాటలు ఏ రాగంలోవైనా మొదటి సంవత్సరం పక్కన పెట్టడమే మేలని నా అభిప్రాయం.

నడక సంగతి కూడా పాట ఎంచుకునే ముందే చూసుకోవాలి. పాట మోగుతుంటే తొడ మీద తాళం వేయండి. "తకధిమి" ఒదిగితే మనం నేర్చుకున్న నాలుగు లెక్కల స్ట్రమ్మింగ్ సరిపోతుంది. "తకిట తకిట" ఒదిగితే అది తిశ్రం. జానపదాల్లో, హుషారు పాటల్లో ఈ నడక తరచూ వస్తుంది. దానికి స్ట్రమ్మింగ్ వేరే ఉంది, నాలుగు లెక్కలది బలవంతాన అంటగట్టకండి.

పాట దొరికింది. ఇప్పుడు సాధన.

పల్లవిని నోట్‌బుక్‌లో చేత్తో రాయండి. కార్డు పేరును మాట మీద రాస్తే చాలదు, ఆ మాటలో ఏ అక్షరం మీద మారుతుందో సరిగ్గా దాని నెత్తిన రాయండి. తెలుగు పాటలో చివరి అచ్చును సాగదీస్తాం, కార్డు చాలాసార్లు ఆ సాగతీత మధ్యలో మారుతుంది. సినిమా పాటల ముందు వచ్చే వాద్య సంగీతం, చరణాల మధ్య వచ్చేది ఇప్పటికి వదిలేయండి. పల్లవి, ఒక చరణం చాలు.

మొదట ఒక్కో కార్డుకు ఒకే ఒక్క మీటు. పైనుంచి కిందికి ఒకసారి మీటి, అది మోగుతుండగా పాడండి. చేతికి పని తక్కువ, గొంతుకు దారి దొరుకుతుంది. ఇలా పల్లవి ఆగకుండా సాగాకే లెక్కకు ఒక మీటు చొప్పున, ఆ తర్వాతే పూర్తి స్ట్రమ్మింగ్.

అప్పుడు ఏదో ఒక చోట చెయ్యి ఆగుతుంది. ప్రతి పాటలో అలాంటి అతుకు ఒకటో రెండో ఉంటాయి, మిగతాదంతా బాగానే వస్తుంది. చాలామంది అక్కడ తప్పగానే మళ్లీ పల్లవి మొదటికి వెళతారు. అలా చేస్తే వచ్చిన భాగమే ఇరవైసార్లు వాయించినట్టు, రాని అతుకును ఇరవైసార్లు తప్పుగా వాయించినట్టు. ఈ పాఠంలో ఒక్కటే గుర్తుంచుకుంటామంటే ఇది గుర్తుంచుకోండి: సాధన చేయాల్సింది ఆ అతుకును. దాని ముందు కార్డు, దాని తర్వాతి కార్డు, ఈ రెండే తీసుకుని ఒక నిమిషం అటూ ఇటూ మార్చండి. తీగలన్నీ శుభ్రంగా మోగిన మార్పుల్నే లెక్కపెట్టండి.

ఎన్ని రావాలి? లెక్క ఇలా వేసుకోండి. పాట వేగం నిమిషానికి 96 లెక్కలు, కార్డుకు నాలుగు లెక్కలు అనుకుందాం. ఒక్కో కార్డు రెండున్నర సెకన్లు ఉంటుంది, అంటే నిమిషానికి 24 మార్పులు. చేతికి 30 దాకా వస్తే పాడుతూ కూడా తడబడరు. అదే పాటలో ఎక్కడైనా కార్డుకు రెండే లెక్కలుంటే అవసరం 48కి పెరుగుతుంది. మీ చెయ్యి 20 దగ్గర ఉంటే ఆ పాట ఇంకొన్నాళ్లు ఆగాల్సిందే. యూట్యూబ్‌లో వేగాన్ని 0.75కి తగ్గిస్తే శృతి మారకుండా 96 కాస్తా 72 అవుతుంది, కార్డుకు మూడు సెకన్ల పైన దొరుకుతుంది. దానితో కలిసి వాయించండి.

అతుకు మొండికేస్తే వేళ్లను గమనించండి. సి నుంచి ఎ మైనర్‌కు మారేటప్పుడు చూపుడు వేలు, మధ్య వేలు కదలాల్సిన పనే లేదు, ఉంగరపు వేలు ఒక్కటే ఐదో తీగ నుంచి మూడో తీగకు వస్తుంది. జిని నాలుగు వేళ్లతో, అంటే ఉంగరపు వేలు రెండో తీగ మూడో ఫ్రెట్‌లో, చిటికెన వేలు ఒకటో తీగ మూడో ఫ్రెట్‌లో ఉండేలా పట్టుకుంటే, డికి మారేటప్పుడు ఉంగరపు వేలు ఉన్నచోటే ఉంటుంది. కదలని వేలు ఒక్కటి దొరికినా అతుకు సగం తీరినట్టే. ఇక పాట మధ్యలో ఎడమ చెయ్యి ఆలస్యమైతే కుడి చేతిని ఆపకండి. వేళ్లు తీగల మీద ఊరికే ఆనించి టక్ టక్‌మని లెక్క నడిపించండి. వినేవాళ్లు ఒక కార్డు లేకపోయినా ఓర్చుకుంటారు, తాళం తెగితే ఓర్చుకోలేరు.

మన ఊళ్ల వాతావరణం గురించి కూడా చెప్పాలి. వేసవిలో సులువుగా వచ్చిన పాట వానాకాలంలో చేతికి బరువెక్కితే మీ వేళ్లను నిందించుకోకండి. తేమకు చెక్క ఉబ్బి తీగలు మెడకు కాస్త ఎత్తుగా లేస్తాయి, ఎక్కువ గట్టిగా నొక్కాల్సి వస్తుంది. మే నెల ఎండలో గిటార్‌ను కారులో వదిలితే జిగురు మెత్తబడి బ్రిడ్జ్ (పెట్టె మీద తీగల్ని పట్టి ఉంచే చెక్క) లేచిపోతుంది. ఉక్కపోత రోజుల్లో వాయించాక తీగల్ని పొడిగుడ్డతో తుడవండి, లేకపోతే చెమటకు తుప్పు పడతాయి. ప్రతి పాటకూ ముందు శృతి చూసుకోవడం సరేసరి.

ఎప్పుడూ మూడు పాటలు చేతిలో ఉంచుకోండి: వచ్చేసిన పాట ఒకటి, సాధనలో ఉన్నది ఒకటి, ఇంకా అందని ఇష్టమైన పాట ఒకటి. కూర్చోగానే అతుకుతో మొదలుపెట్టండి, చెయ్యి తాజాగా ఉన్నప్పుడే అది లొంగుతుంది. లేచే ముందు వచ్చేసిన పాట ఒకసారి పూర్తిగా వాయించండి. అందని పాట వారానికోసారి చాలు. నోట్‌బుక్ చూడకుండా, ఆగకుండా, ఇంట్లో ఒకరి ఎదుట వాయించగలిగినప్పుడే పాట వచ్చినట్టు లెక్క.

ఈ వారం పని: ఆరో తీగ మీద మీ శృతి కనిపెట్టండి. పుట్టినరోజు పాటను ఆ శృతిలో, మూడు లెక్కలకు మొదటి లెక్క మీద ఒక్క మీటుతో పాడండి. తర్వాత మీకు నచ్చిన పాట పల్లవి రాసుకుని, అందులో మీ చెయ్యి ఆగే అతుకు చుట్టూ ఎర్ర సిరాతో సున్న చుట్టండి. దాని పక్కనే ఈ రోజు నిమిషానికి ఎన్ని మార్పులు వచ్చాయో వేయండి, వారం తర్వాత వచ్చినవి దాని కిందే వేయండి. 8వ పాఠంలో ఎఫ్ కార్డు, తిశ్ర నడక స్ట్రమ్మింగ్.