వానాకాలంలో చిన్న ఊళ్ళు చూడబోయేవారికి జాగ్రత్తలు

2024 సెప్టెంబరు 1న మహబూబాబాద్ జిల్లాలో ఆకేరు వాగు పొంగి కారు కొట్టుకుపోయింది. హైదరాబాదు విమానాశ్రయానికి బయలుదేరిన తండ్రీకూతుళ్ళు ప్రాణాలు కోల్పోయారు. అలాంటి వార్త లేని వానాకాలం ఈమధ్య గడవడం లేదు. ఆదివారం పూట పోచంపల్లి, భువనగిరి, కొలనుపాక వంటి ఊళ్ళను తీరికగా చూసి రావాలనుకునే హైదరాబాదు నగరవాసుల కోసం ఇది రాస్తున్నాను. గొడుగులు, మంచినీళ్ళు, టైర్లలో గాలి సంగతి అందరికీ తెలిసినదే కనుక వాటి జోలికి పోను.

నేను చూసినంతలో మనుషుల ప్రాణాల మీదికి తెచ్చేది ఒకే ఒక్క తప్పు: నీరు పారుతున్న లో లెవెల్ వంతెన మీదికి బండి దించడం. అది ఎలా జరుగుతుందో చూడండి. పొద్దున పోచంపల్లికి చేరుకుంటారు. గుంట మగ్గం ముందు కూర్చున్న నేతగాడు కట్టి రంగులద్దిన నూలును పోగు పోగుకూ సరిచూసుకుంటూ నేయడం చూస్తుంటే కాలం తెలియదు, చీరల బేరం తేలేసరికి మధ్యాహ్నం మూడు దాటుతుంది. చీకటి పడకముందే భువనగిరి కోట కూడా చూసేద్దామని ఫోనులో మ్యాపు తెరిస్తే అది మూసీ మీదుగా జూలూరు, రుద్రవెల్లి మధ్య ఉన్న దగ్గర దారిని చూపిస్తుంది. అక్కడ ఉన్నది లో లెవెల్ వంతెన. మీ నెత్తిన చినుకు పడకపోయినా, నగరం ఎగువన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల గేట్లు ఎత్తితే ఆ నీరు కొన్ని గంటలకు ఈ వంతెనను ముంచెత్తుతుంది. సంగెం, బొల్లేపల్లి మధ్య వంతెనదీ ఇదే పరిస్థితి. అందువల్ల గేట్లు ఎత్తారన్న వార్త వచ్చిన రోజున పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి, ఘట్‌కేసర్ దగ్గర దిగి, వరంగల్ రహదారి మీదుగా భువనగిరి వెళ్ళండి. దూరం పెరుగుతుంది, పెరగనివ్వండి.

ఎదుటి ట్రాక్టరు దాటింది కదా అని మనమూ దాటగలమనుకోవడం పొరపాటు. ట్రాక్టరు ఎత్తు వేరు, బరువు వేరు. అడుగు లోతు వేగంగా పారే నీరే చిన్న కారును పక్కకు నెట్టగలదు, రెండడుగుల నీటిలో చాలా కార్లు తేలిపోతాయి. ఎర్రటి నీటి కింద రోడ్డు ఉందో, కోసుకుపోయిందో పైనుంచి ఎవరూ చెప్పలేరు. ఉదయం పొడిగా దాటిన కల్వర్టే సాయంత్రానికి పైఊరి చెరువు మత్తడి (అలుగు) దుంకి నిండిపోతుంది. కాబట్టి మళ్ళీ చెబుతున్నాను: నీరు పారుతున్న వంతెన మీదికి బండి దించవద్దు.

ఇక భువనగిరి కోట ఒకే బండరాయి మీద కట్టినది. వాన తడికి మెట్లు, రాతి వాలు నూనె పూసినట్టు జారతాయి, ఉరిమితే ఆ బోడి శిఖరం మీద తలదాచుకునే చోటు కూడా సరిగా దొరకదు. పైకి ఎక్కదలిస్తే ఉదయాన్నే ఎక్కి దిగేయండి.

రాతి క్వారీ గుంతల్లోకి పిల్లలను దిగనివ్వకండి. చెరువుల్లో ఈతకు దిగకండి, మట్టి తవ్వుకుపోయిన చోట మోకాలి లోతు ఒక్క అడుగులో నిలువు లోతవుతుంది. మత్తడి మీద నిలబడి ఫోటోలు తీసుకోకండి. దసరా దాటాక వెళ్ళేవారు రోడ్డు మీద ఆరబోసిన వడ్లను గమనించండి. చుట్టూ పేర్చిన రాళ్ళు, పైన కప్పిన నల్ల పరదా రాత్రిపూట కనిపించవు. వెనుక లైటు లేని ట్రాలీలూ అంతే. పొద్దు గూకకముందే పెద్ద రహదారి ఎక్కండి. ఊరివాళ్ళు వద్దంటే మ్యాపు మాట వినకండి. రోడ్డుకు అడ్డంగా ముళ్ళకంప వేసి ఉంటే తొలగించకండి. నీరు పారుతున్న వంతెన మీదికి బండి దించవద్దు, వెనక ఎంతమంది హారన్ కొట్టినా సరే. పొరపాటున నీటిలో బండి ఆగిపోతే వెంటనే సీటు బెల్టులు విప్పి, కిటికీ అద్దాలు దించండి. కరెంటు పోయాక అవి దిగవు. తలుపులతో కుస్తీ పట్టకుండా కిటికీలోంచి పిల్లలను ముందుగా బండి పైకి చేర్చి 112కు ఫోన్ చేయండి. ఎక్కడున్నారని అడుగుతారు కనుక, దాటే ప్రతి ఊరి పేరునూ దారి పొడవునా గుర్తు పెట్టుకోండి.