బాడీగార్డును పెట్టుకునే ముందు ఈ కాగితాలు అడగండి

పదిహేడేళ్లు ఆర్మీలో చేసి వచ్చి, ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక సెక్యూరిటీ ఏజెన్సీలో సూపర్‌వైజర్‌గా ఉన్నాను. బాడీగార్డు కావాలని వచ్చేవాళ్లు ముందు అడిగేది మనిషి ఎత్తెంత, గన్ ఉందా అని. లైసెన్సు సంగతి అడిగేవాళ్లు చాలా తక్కువ. నాకు బాధ కలిగించేది అదే.

మన దగ్గర బాడీగార్డు పేరు మీద విడిగా లైసెన్సు ఉండదు. అతణ్ని పంపే ఏజెన్సీకి ఉండాలి. 2005లో వచ్చిన ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం, మేం 'పసారా' అంటాం, ఆస్తికి కాపలా కాసేవాళ్లతో పాటు మనిషికి రక్షణగా నిలబడేవాళ్లకూ వర్తిస్తుంది. లైసెన్సు లేకుండా ఏజెన్సీ నడిపితే ఏడాది వరకు జైలు, 25,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

లైసెన్సు ఐదేళ్లకు ఇస్తారు. తేదీ చూశాక, ఏ జిల్లాలకు ఇచ్చారో కూడా చదవండి. ఇది రాష్ట్రం ఇచ్చే లైసెన్సు. పెళ్లి గుంటూరులో అయితే, హైదరాబాద్ ఏజెన్సీకి ఆంధ్రప్రదేశ్ లైసెన్సు కూడా ఉందా అని అడగాలి.

గార్డుకు 18 నుంచి 65 ఏళ్ల లోపు వయసుండాలి. నడవడిక విచారణ, శిక్షణ పూర్తయి ఉండాలి. 2006 నాటి కేంద్ర నమూనా నిబంధనల్లో 100 గంటల తరగతులు, 60 గంటల ఫీల్డ్ శిక్షణ పెట్టారు. మాజీ సైనికులకు, మాజీ పోలీసులకు చిన్న కోర్సు. ఏజెన్సీ ఇచ్చిన ఫొటో కార్డు అడిగి చూడండి. సఫారీ వేసుకోవచ్చు కానీ, పోలీసు, మిలిటరీ యూనిఫాంలా కనిపించే బట్టలు నేరం.

గన్ దగ్గర మొహమాటపడొద్దు. ఒక పెళ్లిలో వేరేచోటి నుంచి వచ్చిన గార్డు నడుముకు పిస్టల్ కనిపించింది. లైసెన్సు చూపించమంటే వాళ్ల బాబాయి పేరు మీదున్నది తీశాడు. లోపల వందల మంది, చిన్నపిల్లలు. అతణ్ని గేటు దగ్గరే ఆపేసి పెళ్లికూతురు తండ్రిని పిలిచాను. "బాబూ, నాకీ సంగతే తెలియదు" అన్నారాయన, చేతులు వణుకుతున్నాయి. ఆయుధ లైసెన్సులో మోసేవాడి పేరు ఉండాలి. బరాత్‌లో సరదాకు ప్రాణాల మీదికొచ్చేలా కాల్చినా, ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చు.

ఇంకో మాట. గార్డుకు పోలీసు అధికారాలు ఉండవు. జనాన్ని కొట్టడానికి, ఫోన్లు లాక్కోవడానికి హక్కు లేదు. తన కళ్లెదుటే బెయిలుకు వీల్లేని కాగ్నిజబుల్ నేరం (పోలీసులు వారెంటు లేకుండా అరెస్టు చేయగలిగేది) జరిగితే పట్టుకోవచ్చు, ఆరు గంటల్లోపు పోలీసులకు అప్పగించాలి. డ్యూటీ ఎక్కడ, ఎన్ని గంటలు, గన్ ఉంటుందా లేదా, ఇవన్నీ ఒప్పందంలో రాయించుకుని, లైసెన్సు జిరాక్సు దానికి జతచేయించండి.