పాస్‌వర్డ్ మార్చే ముందు గడియారం చూడండి
బతుకమ్మ, దసరా సెలవులకు మెయిన్ స్విచ్ ఆపేసి వెళ్లిన హన్మకొండ ఆఫీసులో, తిరిగి తెరిచిన రోజు ఒక్క కంప్యూటర్ మాత్రం సరైన పాస్‌వర్డ్ ఇచ్చినా లోపలికి రానివ్వకపోతే, ముందుగా తెర మూలన ఉన్న తేదీని, సమయాన్ని చూడాలి. విండోస్ డొమైన్‌లో (ఆఫీసు కంప్యూటర్ల ఖాతాలన్నీ ఒకే సర్వర్ చూసుకునే ఏర్పాటులో) లాగిన్‌ను సరిచూసే కెర్బెరాస్ పద్ధతి, సర్వర్ గడియారానికీ కంప్యూటర్ గడియారానికీ మధ్య సాధారణంగా 5 నిమిషాల తేడానే సహిస్తుంది. మదర్‌బోర్డుపై రూపాయి బిళ్లంత ఉండే సీఆర్2032 బ్యాటరీ అయిపోయిన పాత సిస్టమ్‌లో, కరెంటు తీసేయగానే తేదీ ఏళ్ల వెనక్కి పోతుంది. సమయాన్ని బయోస్‌లో (విండోస్ మొదలవకముందే తెరవగల సెట్టింగుల్లో) గానీ, లోకల్ అడ్మిన్ ఖాతాతో (సర్వర్‌తో పనిలేకుండా ఆ కంప్యూటర్‌లోనే ఉండే నిర్వాహక ఖాతాతో) గానీ దిద్దవచ్చు. బ్యాటరీ మార్చకపోతే మాత్రం తర్వాతి కరెంటు కోతకు మళ్లీ ఇదే తంతు.

గడియారం సరిగానే కనిపించినా టైమ్ జోన్‌ను వదిలేయకూడదు. రెండు గడియారాల పోలిక ప్రపంచమంతటికీ ఒకటే అయిన యూటీసీ సమయం లెక్కన జరుగుతుంది కనుక, అమెరికా జోన్‌ను అలాగే ఉంచి ఎవరో చేత్తో మన సమయం పెట్టిన కంప్యూటర్ (అలా పెట్టేవారు ప్రతి ఆఫీసులోనూ ఒకరుంటారు) నిజానికి గంటల తేడాతో నడుస్తున్నట్లే. ఇవేవీ కాకపోతే, డీఎన్‌ఎస్ (పేరును బట్టి సర్వర్ ఎక్కడుందో చెప్పే సేవ) చిరునామాగా ఆఫీసు సర్వర్‌కు బదులు గూగుల్ వారి 8.8.8.8 ఉందేమో చూడాలి. అలా ఉంటే డొమైన్ సర్వర్ జాడే ఆ కంప్యూటర్‌కు దొరకదు.