పిల్లలు అమెరికా సిటిజన్లయితే అమ్మానాన్నలకు గ్రీన్ కార్డు: సిక్కోలు, విజయనగరం వాళ్లు చూసుకోవాల్సిన కాగితాలు

కొడుకో కూతురో అమెరికాలో స్థిరపడ్డారు. అమ్మానాన్నల్ని కూడా అక్కడికే తీసుకుపోదామనుకుంటున్నారు. ముందు తేల్చుకోవాల్సింది, వాళ్లకు సిటిజన్‌షిప్ వచ్చిందా, ఇంకా గ్రీన్ కార్డు మీదే ఉన్నారా అన్నది. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు భార్యకో భర్తకో, పెళ్లికాని పిల్లలకో దరఖాస్తు పెట్టగలరు గానీ తల్లిదండ్రులకు పెట్టలేరు. సిటిజన్ అయి, 21 ఏళ్లు నిండి ఉంటేనే ఆ వీలు. గ్రీన్ కార్డు వచ్చాక మామూలుగా ఐదేళ్లకు సిటిజన్‌షిప్‌కు అర్హత వస్తుంది.

సిటిజన్ల తల్లిదండ్రులకు ఏటా ఇన్నే వీసాలన్న పరిమితి లేదు. అన్నదమ్ములకు పెట్టుకుంటే మన దేశం వాళ్లకు పదిహేనేళ్లకు పైనే పడుతోంది. తల్లిదండ్రులకు ఆ క్యూ ఉండదు. కాబట్టి "కోటాలో ఇప్పిస్తా" అంటూ ఏజెంటు అడ్వాన్సు అడిగితే అక్కడితో మాట ఆపేయండి. లేని కోటాకు రేటేమిటి?

దరఖాస్తు పెట్టాల్సింది అమెరికాలో ఉన్న బిడ్డే. ఫారం పేరు ఐ-130. అమ్మకొకటి, నాన్నకొకటి, వేర్వేరుగా వేయాలి. 2024 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన ఫీజుల పట్టిక ప్రకారం ఒక్కోదానికి ఆన్‌లైన్‌లో 625 డాలర్లు, కాగితం మీద పంపితే 675. ఇంట్లో 21 నిండని తమ్ముడో చెల్లెలో ఉంటే వాళ్లు అమ్మ కేసు మీద వెంట రాలేరు. ఈ ముక్క చివర్లో తెలిసి ఇంటిల్లపాదీ టెన్షన్ పడతారు, అందుకే ముందే చెబుతున్నాను.

అమ్మకు పెట్టేటప్పుడు బిడ్డ జనన ధ్రువపత్రం, సిటిజన్‌షిప్ రుజువు చాలు. నాన్నకు వాటితోపాటు అమ్మానాన్నల పెళ్లి సర్టిఫికెట్ కూడా కావాలి. మన వైపు కథ మొదలయ్యేది ఇక్కడే.

ఊళ్లో ఇంటి దగ్గర పుట్టిన పిల్లల జననం చాలాసార్లు నమోదే కాలేదు. ఒకవేళ నమోదైనా అందులో "మగ శిశువు" అని ఉంటుంది తప్ప పేరుండదు. పేరు లేకపోతే పుట్టిన చోటి రిజిస్ట్రార్ దగ్గర, అంటే పల్లెలో పంచాయతీ కార్యదర్శి, పట్టణంలో మున్సిపాలిటీ దగ్గర ముందు పేరు చేర్పించండి. నమోదే లేకపోతే ఇప్పుడు చేయించుకోవచ్చు, కానీ ఏడాది దాటిన నమోదుకు మేజిస్ట్రేట్ అధికారమున్న అధికారి ఉత్తర్వు కావాలి. అలా ఆలస్యంగా పుట్టించిన కాగితాన్ని అమెరికా వాళ్లు ఒక్కదాన్నే నమ్మరు. పదో తరగతి సర్టిఫికెట్, స్కూలు టీసీ వంటి పాతవి జత చేయాల్సిందే.

పెద్దవాళ్ల జనన ధ్రువపత్రం సంగతి వేరు. జనన మరణాల నమోదు చట్టం 1969లో వచ్చింది. 1970 ఏప్రిల్ 1కి ముందు పుట్టినవాళ్లకు ఆ సర్టిఫికెట్ ఉండకపోవచ్చని అమెరికా విదేశాంగ శాఖకూ తెలుసు. చదువుకున్నవాళ్లైతే ఎస్ఎస్ఎల్‌సీ పుస్తకమో స్కూలు సర్టిఫికెట్టో పనికొస్తుంది. బడి మొహం చూడని అమ్మకైతే "రికార్డులో నమోదు లేదు" అని రిజిస్ట్రార్ ఇచ్చే కాగితం, దానికి తోడు ఆవిడకన్నా పెద్దవాళ్లైన దగ్గరి బంధువుల నోటరీ అఫిడవిట్లు పెట్టాలి. పుట్టిన తేదీ, ఊరు, తల్లిదండ్రుల పేర్లు, తల్లి పుట్టింటి ఇంటిపేరు అందులో రాయించండి. ఎనభై దాటిన మేనమామ సంతకం రేపు చేయిద్దాంలే అనుకోవద్దు.

ఆ అఫిడవిట్‌లో జిల్లా పేరు దగ్గర ఆగి ఆలోచించండి. 1950 ఆగస్టు 15కి ముందు శ్రీకాకుళం జిల్లాయే లేదు, అప్పటికి టెక్కలి కూడా విశాఖ జిల్లానే. విజయనగరం జిల్లా పుట్టింది 1979 జూన్ 1న. 1960లో బొబ్బిలిలో పుట్టినావిడది అప్పటి శ్రీకాకుళం జిల్లా, విజయనగరంలో పుట్టినాయనది విశాఖ జిల్లా. 2022 ఏప్రిల్‌లో రాజాం విజయనగరంలోకి, పాలకొండ పార్వతీపురం మన్యంలోకి వెళ్లాయి. పాస్‌పోర్టులో ఒక జిల్లా, అఫిడవిట్‌లో ఇంకో జిల్లా ఉంటే ముంబైలో కూర్చున్న అమెరికా వీసా ఆఫీసరుకు ఈ చరిత్ర తెలియదు. "పుట్టినప్పుడు ఫలానా జిల్లా, ఇప్పుడు ఫలానా జిల్లా" అని అఫిడవిట్‌లోనే ఒక వాక్యం రాయించేయండి.

పేర్లూ అంతే. రేషన్ కార్డులో అప్పలనరసమ్మ, ఆధార్‌లో నరసమ్మ, కొడుకు సర్టిఫికెట్‌లో అప్పల నర్సమ్మ. ముగ్గురూ ఒకరేనని మనకు తెలుసు, కాగితానికి తెలియదు. ముందు పాస్‌పోర్టులో ఎలా ఉండాలో తేల్చుకుని, మిగతావన్నీ దానికి తగ్గట్టు దిద్దించుకోండి. ఇంటిపేరు గడి ఖాళీగా వదిలితే అమెరికా వీసా మీద అసలు పేరు కాస్తా ఇంటిపేరు గడిలోకి పోయి, పేరున్న చోట ఎఫ్ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే పేరు తెలియదు) అని మూడక్షరాలు పడతాయి. తర్వాత అక్కడ ప్రతి ఆఫీసులోనూ తిప్పలే.

పెళ్లి ఏనాడో అయినా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఇప్పుడూ రిజిస్టర్ చేయించుకోవచ్చు. శుభలేఖ, పెళ్లి ఫొటో, వయసు రుజువులు, సాక్షులతో వెళ్లండి. తెలుగులో ఉన్న ప్రతి కాగితానికీ ఇంగ్లిష్ అనువాదం, సరిగా అనువదించానని అనువాదకుడి సంతకం ఉండాలి.

ఐ-130 ఆమోదం పొందాక కేసు ఎన్‌వీసీ అనే నేషనల్ వీసా సెంటర్‌కు వెళ్తుంది. వీసా ఫీజు 325 డాలర్లు, ఆర్థిక హామీ పత్రం పరిశీలనకు 120. ఆ హామీ పత్రమే ఐ-864. బిడ్డ ఆదాయం, ఇంట్లో ఉన్నవాళ్ల సంఖ్యను బట్టి, అక్కడి పేదరిక రేఖకు 125 శాతం ఉండాలి. చాలకపోతే మరొకరు కలిసి హామీ ఇవ్వొచ్చు. డీఎస్-260 అనే వీసా దరఖాస్తు ఫారం ఆన్‌లైన్‌లో నింపాలి.

పోలీసు క్లియరెన్స్ అంటే స్టేషన్‌లోనో ఎస్పీ ఆఫీసులోనో రాసిచ్చేది చెల్లదు. పాస్‌పోర్టు ఆఫీసు ఇచ్చే పీసీసీయే (పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్) కావాలి. మన రెండు జిల్లాలూ విశాఖ ప్రాంతీయ పాస్‌పోర్టు కార్యాలయం కిందివే. పాస్‌పోర్టు సేవా సైట్‌లో దరఖాస్తు చేసి 500 రూపాయలు కట్టి స్లాట్ తీసుకోండి. 2022 సెప్టెంబరు 28 నుంచి పోస్టాఫీసుల్లోని సేవా కేంద్రాల్లోనూ ఇది పెట్టుకోవచ్చు.

ఇంటర్వ్యూ ముంబై కాన్సులేట్‌లో. హైదరాబాద్ కాన్సులేట్ దగ్గరే కదా అని అటు వెళ్లకండి. శ్రీకాకుళం రోడ్డులోనో విజయనగరంలోనో కోణార్క్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తిన్నగా ముంబై చేరుస్తుంది, కానీ మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు విశాఖ నుంచి విమానమే మేలు. మెడికల్ పరీక్ష ఇంటర్వ్యూకి ముందే, కాన్సులేట్ గుర్తించిన డాక్టర్ల దగ్గరే చేయించుకోవాలి. వీసా చేతికొచ్చాక, విమానం ఎక్కేలోపు ఇంకో 235 డాలర్లు కట్టాలి.

ఇంత తతంగం ఎందుకు, విజిటర్ వీసా మీద వెళ్లి అక్కడే ఉండిపోయి పెట్టేస్తే పోలా అని సలహా ఇచ్చేవాళ్లు ప్రతి పెళ్లిలోనూ దొరుకుతారు. చట్టబద్ధంగా లోపలికి వెళ్లినవాళ్లు అక్కడే గ్రీన్ కార్డుకు ఐ-485 ఫారం వేసుకునే దారి నిజంగానే ఉంది. కానీ ఉండిపోవాలని ముందే అనుకుని, చుట్టం చూపుగా వస్తున్నామని ఆఫీసరుకు చెబితే అది తప్పుడు సమాచారం ఇచ్చినట్టే. ఆ మచ్చ పడితే గ్రీన్ కార్డుకే ఎసరు.

పెట్టే ముందు ఒక పూట కూర్చుని మాట్లాడుకోండి. గ్రీన్ కార్డంటే అక్కడ కాపురముంటామని ఒప్పుకోవడం. ఆరు నెలలు దాటి ఇక్కడే ఉంటే తిరిగి వెళ్లేటప్పుడు ప్రశ్నలు, ఏడాది దాటితే కార్డుకే ముప్పు. ఎక్కువకాలం ఇక్కడికి రావాల్సి వస్తే అమెరికాలో ఉండగానే ఐ-131 ఫారం వేసి రీ-ఎంట్రీ పర్మిట్, అంటే తిరిగి అడుగుపెట్టే అనుమతి తీసుకోవాలి. 65 దాటిన వాళ్లు మెడికేర్ అనే అక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమా కొనుక్కోవాలన్నా ముందు అక్కడ ఐదేళ్లు ఉండాలి, అందాకా ఇన్సూరెన్స్ భారం పిల్లల మీదే. పొలం ఉన్నవాళ్లు భయపడక్కర్లేదు: పౌరసత్వం మనదే, ఉన్న భూమి ఉంటుంది. కాకపోతే ఎన్ఆర్ఐ అయ్యాక కొత్తగా సాగుభూమి కొనడం కుదరదు. పండక్కీ పంటకీ ఊళ్లో ఉండాల్సిందే అనే నాన్నకైతే పదేళ్ల విజిటర్ వీసాయే సుఖం.