గ్యాస్ లీక్ ఎక్కడుందో డిటెక్టర్‌తో పట్టుకోవడం: సమస్య - పరిష్కారం

చేతిలో పట్టుకుని తిప్పే గ్యాస్ డిటెక్టర్ కొనేవాళ్లు మన విజయవాడలో బాగా పెరిగారు. అపార్ట్‌మెంట్ అసోసియేషన్లు, టిఫిన్ సెంటర్లు, క్యాటరింగ్ వాళ్లు, స్టవ్ రిపేర్ చేసేవాళ్లు అందరూ కొంటున్నారు. కొన్నాక వచ్చే ఇబ్బందులు మాత్రం అందరికీ ఇంచుమించు ఒకటే. ఎక్కడ పెట్టినా కూస్తోందంటారు, వాసన వస్తున్నా కూయడం లేదంటారు, బండ దగ్గర కాకుండా సింకు దగ్గర కూస్తోందంటారు. డిటెక్టర్ తన మూతి దగ్గర గ్యాస్ ఉందో లేదో మాత్రమే చెబుతుంది. ఆ గ్యాస్ ఎక్కడి నుంచి వస్తోందో మనమే వెతకాలి. ఈ తేడా మనసులో పెట్టుకుంటే కింద చెప్పేవన్నీ తేలిగ్గా అర్థమవుతాయి.

వాసన గుప్పున కొడుతుంటే డిటెక్టర్ జోలికి వెళ్లకండి. రెగ్యులేటర్ ఆపేయండి, తలుపులు కిటికీలు తీసేయండి, ఇంట్లోవాళ్లందరినీ బయటికి తీసుకురండి. లైటు, ఫ్యాను, ఎగ్జాస్ట్ ఏ స్విచ్చీ వేయొద్దు, ఆపొద్దు. బయటికి వచ్చాకే 1906కు ఫోన్ చేయండి. వంటగ్యాస్ లీకుల కోసం ఉన్న అత్యవసర నంబర్ అది. డిటెక్టర్‌ది సన్నగా, ఎక్కడో తెలియకుండా కారే లీకును వెతికే పని. గదినిండా గ్యాస్ ఉన్నప్పుడు దాన్ని ఆన్ చేయడమే ప్రమాదం.

ఎక్కడ పెట్టినా కూస్తోంది

చాలాసార్లు దీనికి కారణం డిటెక్టర్‌ను వంటింట్లోనే ఆన్ చేయడం. ఆన్ చేశాక సెన్సర్ వేడెక్కడానికి కొంత సమయం పడుతుంది. ఆ సమయంలో చుట్టూ ఉన్న గాలినే అది సున్నాగా లెక్క వేసుకుంటుంది. ఆ గాలిలో అప్పటికే కాస్త గ్యాస్ ఉంటే లెక్క మొదట్లోనే తప్పుతుంది. ఒక్కోసారి అన్నిచోట్లా కూస్తుంది, ఒక్కోసారి అసలైన లీకు దగ్గర కూడా ఊరుకుంటుంది. అందుకే ఎప్పుడూ బాల్కనీలోనో మెట్ల దగ్గరో ఆన్ చేసి, కంపెనీ చెప్పినంత సేపు ఆగి, సున్నా చూసుకున్నాకే లోపలికి తీసుకెళ్లాలి.

గది మొత్తం గ్యాస్ పలచగా పరుచుకుని ఉండటం మరో కారణం. అప్పుడు ఎంత తిప్పినా మూలం దొరకదు. రెగ్యులేటర్ ఆపి, తలుపులు తీసి, గది పూర్తిగా ఖాళీ అయ్యేవరకు ఆగండి. వాసన పోయి, డిటెక్టర్ కూడా నిశ్శబ్దంగా ఉందని చూసుకున్నాక ఫ్యాన్ ఆపి, కిటికీలు మూసి, రెగ్యులేటర్ తెరిచి వెతకడం మొదలుపెట్టండి. ఫ్యాన్ తిరుగుతుంటే గ్యాస్ చెదిరిపోయి ఏ చోటా నిలకడగా చూపించదు. సెన్సిటివిటీ తిప్పే బటన్ ఉంటే మొదట ఎక్కువలో పెట్టి ప్రాంతం తెలుసుకోండి, దగ్గరికి వచ్చేకొద్దీ తగ్గించుకుంటూ పోండి.

వాసన వస్తోంది, డిటెక్టర్ మాత్రం కూయడం లేదు

ముందు ప్రోబ్ (డిటెక్టర్ మూతి) ఏ ఎత్తులో ఉందో చూసుకోండి. సిలిండర్ గ్యాస్ గాలి కంటే ఒకటిన్నర నుంచి రెండు రెట్లు బరువు, అందుకే నేల దగ్గరే చేరుతుంది. ఛాతీ ఎత్తులో పట్టుకుని గదంతా తిరిగితే డిటెక్టర్ కూయదు. వంగి, నేలకు నాలుగు వేళ్ల ఎత్తులో పెట్టాలి. రెండోది వేగం. సెన్సర్ వెంటనే స్పందించదు. సెకనుకు రెండు మూడు సెంటీమీటర్లకు మించి కదిలించకూడదు. చీపురు ఊడ్చినట్టు తిప్పితే లీకును దాటుకుని పోతాం.

మూడోది పరికరమే పనిచేయకపోవడం. హోటల్ వంటగదిలో వాడే డిటెక్టర్ మూతికి నూనె జిడ్డు, మైదా పేరుకుని జల్లెడ మూసుకుపోతుంది. జల్లెడ మార్చండి. ఇంట్లో వాడే చిన్న డిటెక్టరైతే ఆరుబయట, మంట లేకుండా, సిగరెట్ లైటర్ గ్యాస్‌ను కాస్త దూరం నుంచి ఒక్క క్షణం వదిలి కూస్తుందో లేదో చూడొచ్చు. ఎల్‌ఈఎల్ (గాలిలో గ్యాస్ మండటానికి చాలిన కనీస స్థాయి) శాతాన్ని అంకెల్లో చూపించే ఖరీదైన మీటర్లకు అలా చేయకూడదు. వాటికి తగిన టెస్ట్ గ్యాస్ సీసా వస్తుంది, దానితోనే చూడాలి. లైటర్ గ్యాస్ నేరుగా కొడితే ఆ సెన్సర్ దెబ్బతినవచ్చు.

ఈ మూడూ సరిగ్గా ఉండి కూడా కూయకపోతే ముక్కునే నమ్మండి. మండే స్థాయిలో ఐదో వంతుకు గ్యాస్ చేరేలోపే మనకు తెలిసేలా ఇథైల్ మెర్‌కాప్టన్ అనే వాసన పదార్థాన్ని కలుపుతారు. డిటెక్టర్ కూయలేదు కాబట్టి లీకు లేదు అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. బండ అయిపోయే దశలో వాసన ఎక్కువగా వచ్చే మాట నిజమే. ఆ పదార్థం గ్యాస్ కంటే నెమ్మదిగా ఆవిరై అడుగున మిగులుతుంది. అయినా ముందు లీకు లేదని తేల్చుకున్నాకే ఆ మాట అనుకోవాలి. ఇంకో సంగతి, ముక్కు త్వరగా అలవాటుపడిపోతుంది. కాసేపటికి వాసన తగ్గినట్టు అనిపిస్తే బయటి నుంచి ఇంకొకరిని పిలిచి చూడమనండి.

బండ ఒకచోట, కూత ఇంకోచోట

అందరూ పొరబడేది ఇక్కడే, ప్రాణాల మీదికి వచ్చేదీ ఇక్కడే. మొగల్రాజపురం, గుణదల, విద్యాధరపురం కొండల మీద ఇళ్లు ఒకదాని నెత్తిన ఒకటి ఉంటాయి. పై ఇంట్లో బండను వరండాలో పెట్టుకుంటే, లీకైన గ్యాస్ మెట్ల మీద నీళ్లలా జారి కింది ఇంటి గుమ్మం దగ్గర చేరుతుంది. కింది ఇంటివాళ్లు తమ బండను పది సార్లు చూసుకుంటారు. డిటెక్టర్ కూస్తుంది, బండ దగ్గర మాత్రం ఏమీ ఉండదు. అప్పుడు వెతకాల్సింది పక్కకు కాదు, పైకి.

చదును ఇంట్లోనూ ఇదే జరుగుతుంది. వంటింటి నేల వాలు డ్రైనేజీ రంధ్రం వైపు ఉంటుంది. గట్టు కింద పైపు దగ్గర కారిన గ్యాస్ నేల వెంట పాకి ఆ రంధ్రం దగ్గర నిలుస్తుంది. డిటెక్టర్ సింకు కింద అదేపనిగా కూస్తుంటే డ్రైనేజీ గ్యాసేలే అని జాలీ మీద గుడ్డ కప్పి వదిలేస్తారు. అలా చేయకండి. కూత గట్టిగా ఉన్న చోట మొదలుపెట్టి, నేల వాలుకు ఎదురుగా, జానెడు జానెడుగా ప్రోబ్‌ను వెనక్కి నడిపించండి. కూత తగ్గిన చోట ఆగి ఎడమకూ కుడికీ చూడండి. ఎటు పెరిగితే అటు వెళ్లండి. డిటెక్టర్ ఒక్క క్షణం ఆలస్యంగా కూస్తుంది కాబట్టి కూత వినిపించేసరికి అసలు చోటు దాటేసి ఉంటారు. అందుకే ఒకసారి ఎడమ నుంచి కుడికి, మళ్లీ కుడి నుంచి ఎడమకి తీసుకెళ్లండి. రెండు కూతలూ మొదలైన చోట్ల మధ్యే లీకు ఉంటుంది.

నిజంగా డ్రైనేజీ గ్యాసే అయితే ఎలా తెలుస్తుంది? బండ రెగ్యులేటర్ ఆపి, గది ఖాళీ చేసి, కాసేపాగి మళ్లీ చూడండి. రంధ్రం దగ్గర మాత్రం మళ్లీ వస్తే అది మురుగులో పుట్టే మీథేన్. మురుగు గాలి పైకి రాకుండా జాలీ కింద అడ్డుగా నిలిచే నీళ్లు ఆరిపోయి ఉంటాయి, ఒక చెంబు నీళ్లు పోసి చూడండి.

లీకు బండ దగ్గరేనని తేలింది, ఏ భాగంలో?

రెగ్యులేటర్ ఆపినప్పుడు కూత కొనసాగితే తప్పు బండ వాల్వులోనో రెగ్యులేటర్ కూర్చునే చోటో ఉంది. ఆపగానే పోతే పైపులోనో స్టవ్‌లోనో ఉంది. ఈ ఒక్క పరీక్షతో సగం వెతుకులాట తప్పుతుంది.

వాల్వు అయితే రెగ్యులేటర్ తీసి, టార్చ్‌ను బయటే వెలిగించి తెచ్చి లోపల చూడండి. అగ్గిపుల్ల మాట తలచొద్దు. నల్లటి రబ్బరు వాషర్ గుండ్రంగా, పగుళ్లు లేకుండా, వాల్వు గూటిలో సరిగ్గా కూర్చుని ఉండాలి. ఒక పక్క నలిగినా, అసలు లేకపోయినా పిన్నీసుతో కదపకండి. దారంతో వేలాడే ప్లాస్టిక్ సేఫ్టీ క్యాప్ వాల్వుకు బిగించి, బండను గాలి తగిలే చోట నిలబెట్టి, ఏజెన్సీకి చెప్పండి. బండ మార్చడం వాళ్ల బాధ్యత. అసలు బండ దించేటప్పుడే డెలివరీ అబ్బాయి చేత వాషర్ చూపించుకోవడం మీ హక్కు. వీధిలో ఆటో నిలబడి ఉన్నా సరే మొహమాటపడకండి.

పైపు అయితే రెండు చివర్లూ ముందు చూడండి. రెగ్యులేటర్ ముక్కు దగ్గర, స్టవ్ ముక్కు దగ్గర పైపు చివర బిగుసుకుని గట్టిపడి పగులుతుంది. ఆ తర్వాత స్టవ్ వెనక మంట వేడి తగిలే వంపు, గట్టు కింద ఎలుకలు తిరిగే చోటు చూడాలి. ఐఎస్ 9573 ముద్ర ఉన్న సురక్ష పైపు వాడండి, ఐదేళ్లకోసారి మార్చండి. తేదీ పైపు మీదే ఉంటుంది. టేపు చుట్టడం, ఎంసీల్ పెట్టడం, రెండు ముక్కలు కలిపి అతకడం పనికిరాదు. పగిలిన పైపు కొత్తది వేయడమే దారి. స్టవ్ నాబ్ చుట్టూ కూస్తే లోపలి కాక్‌లో గ్రీజు ఎండిపోయి ఉంటుంది, అది మెకానిక్ పని.

డిటెక్టర్ చూపించిన చోటును సబ్బు నీళ్లతో నిర్ధారించుకోకుండా ఏదీ విప్పకండి. సర్ఫ్ కలిపిన నీళ్లలో బ్రష్ ముంచి జాయింటు చుట్టూ రాయండి. చిన్న బుడగ పుట్టి పెద్దదవుతూ ఉంటే అదే లీకు. రాసేటప్పుడు ప్రోబ్ పక్కన పెట్టండి, తడి తగిలితే సెన్సర్ పాడవుతుంది.

గ్యాస్ లేని చోట కూస్తోంది

శానిటైజర్, స్పిరిట్, గోళ్ల రంగు తుడిచే ద్రవం, పెయింట్ థిన్నర్, సెంటు, అగరుబత్తి పొగ ఇవన్నీ చవక సెన్సర్‌కు గ్యాస్‌లానే కనిపిస్తాయి. చేతికి శానిటైజర్ రాసుకుని ప్రోబ్ పట్టుకుంటే కూత ఆగదు. ఇన్వర్టర్ దగ్గర కూస్తే మాత్రం దాన్ని పొరపాటు అని కొట్టిపారేయకండి. లెడ్ యాసిడ్ బ్యాటరీ చార్జ్ అవుతున్నప్పుడు హైడ్రోజన్ వదులుతుంది, అదీ మండే వాయువే. మూసిన అల్మారాలో బ్యాటరీ పెట్టినవాళ్లు గాలి ఆడే చోటికి మార్చండి.

ఆటోనగర్‌లో పనిచేసేవాళ్లకు ఒక ప్రత్యేక జాగ్రత్త. డాష్‌బోర్డు మెరవడానికి కొట్టే సిలికోన్ స్ప్రే ఎల్‌ఈఎల్ మీటర్ సెన్సర్‌ను శాశ్వతంగా చంపేస్తుంది. చూడటానికి మీటర్ బాగానే ఉంటుంది, అంకె సున్నాలోనే ఉంటుంది. మే నెల ఎండలో స్కూటర్ డిక్కీలో పెట్టి మర్చిపోయినా అంతే నష్టం.

అంకె పెరిగి, హఠాత్తుగా పడిపోయింది

మీటర్‌లో 100 అంటే గాలిలో మండటానికి సరిపడా గ్యాస్ చేరిందని అర్థం. సిలిండర్ గ్యాస్‌కు అది సుమారు 2 శాతం. గ్యాస్‌ను కాల్చి కొలిచే సెన్సర్‌కు ఆక్సిజన్ కావాలి. గ్యాస్ మరీ చిక్కబడితే కాల్చడానికి గాలి చాలక అంకె కిందికి దిగుతుంది. ఎగిరి పడిన అంకెను తగ్గిందని చదవకూడదు, వెంటనే బయటికి రావాలి. సంపులోకి, మ్యాన్‌హోల్‌లోకి తల వంచి ప్రోబ్ పెట్టడం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు.

ఇంట్లో పైపుల గ్యాస్ ఉంటే

నగరంలో భాగ్యనగర్ గ్యాస్ లైను ఉన్న ఇళ్లకు పైన చెప్పిన ఎత్తు తిరగబడుతుంది. అది మీథేన్, గాలి కంటే తేలిక, పైకి పోతుంది. సీలింగ్ కింద, అటక మూలల్లో, ఇంటి గ్యాస్ వాడకం లెక్కించే మీటర్ పైనున్న జాయింట్ల దగ్గర చూడాలి. మీ ఎల్‌ఈఎల్ మీటర్‌లో గ్యాస్ రకం మార్చే వీలుంటే మార్చుకోండి. మీథేన్‌కు సెట్ చేసిన మీటర్‌తో సిలిండర్ గ్యాస్ కొలిస్తే అసలు కంటే తక్కువ చూపిస్తుంది.

రిపేర్ అయ్యాక స్టవ్ నాబ్‌లన్నీ మూసి, రెగ్యులేటర్ తెరిచి, గంట తర్వాత మళ్లీ నేల నుంచి మొదలుపెట్టి ఒకసారి చూడండి. పైపు మార్చిన తేదీ, వాషర్ చూసిన తేదీ గట్టు కింద తలుపు మీద మార్కర్‌తో రాయండి.